బువ్వ ముట్టని బ్రదర్

మా గుడి ఆడోళ్ళ సంఘంల ఒక కట్టుబాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి గిన్నెల పోసినంక, కడిగే ముందు అందులకెళ్ళి ఒక పిడికెడు తీసి పక్క డబ్బల ఏయాలె. సంచిలకెళ్ళి తియ్యొద్దు. కొలిచిన దాంట్లకెళ్ళే తియ్యాలె. అంటే ఆ పూట ఆ ఇంట్ల అంత బువ్వ తక్వ పడాలె, ఎవరో ఒకరి కడుపుకు తెలియాలె. నెల మొదటి ఆదివారం డబ్బలు పట్కొని పూజకు పోయి, పీఠం ముంగట పెట్టిన గోనెసంచిల కుమ్మరిస్తం. ఆ బియ్యం సెమినరీకి పోతది. ఫాదర్లు కావాల్నని వచ్చిన పిల్లలు ఏండ్లకేండ్లు ఉండి చదువుకునే చోటు అది. కొంత, చాతగాని ముసలి ఫాదర్లను పెట్టిన ఇంటికి పోతది. పెండ్లాం పిల్లలు లేనోళ్ళకు కాళ్ళు పడిపోయినంక ఎవరు వండి పెట్టాలె? మేమే పెట్టాలె.

సంఘం పెద్దరికం నా నెత్తిన పడి చానేండ్లాయె. నేను చదివింది మూడో తరగతి, అదీ సిస్టర్లు చెయ్యి పట్టి కూసోబెడితే. పాలమూరు దిక్కుకెళ్ళి మా ఆయనెంబడి ఇటుకలు మొయ్యనీకి వచ్చి, చిక్కడపల్లి ఎనక గల్లీల కిరాయికి దిగి, అక్కడనే ముసల్దాన్నైన. ఒక్క గింజ కింద పడితె ఒంగి ఏరుకుంట. నాకు డబ్బ చూపిస్తే చాలు, ఆ ఇంటామె రోజు తీసిందో, నెలాఖరున సంచిలకెళ్ళి ఒక్కపారే పోసిందో చెప్త. రోజు తీసిన బియ్యంల పాతవి, కొత్తవి కలిసుంటయి. ఒక్కపారి పోసినయి ఒక్క తీరుగ మెరుస్తయి. గసొంటామెను పూజ మధ్యలనైనా ఆపి అడుగుత. ఎనకనుంచి నన్ను గుడి పోలీసు అంటరు. అననీ.

ఆ సంచిల రేషన్ బియ్యం ఉంటయి, సన్నబియ్యం ఉంటయి, ఊర్లకెళ్ళి తెచ్చుకున్న దొడ్డువి ఉంటయి. కలిపి వండితే ఒకటి జావైతది, ఇంకోటి పలుకు మీదనే ఉంటది. సెమినరీ వంటామె మొత్తుకుంటే, పిండి పట్టించి రొట్టెలు చెయ్యుమని నేనే చెప్పి పంపిన.

ఆ రొట్టెలు తిని పెరిగినోడే మా బ్రదర్. సెమినరీల చదివే పిల్లగాండ్లను బ్రదర్ అంటం. మా గుడి ఒక బ్రదర్ ఖర్చు ఎత్తుకుంది. ఇంటర్ కాంగనే బక్కగ, ఇంత పొడుగు మెడతోని వచ్చిండు. వాళ్ళ నాయిన కూడ మావోళ్ళ లెక్కనే సిమెంటు పని. ఏటా ఎండకాలం సెలవులల్ల మా గుడికి పంపిస్తరు. పొద్దుగాల పిల్లలకు జపాలు నేర్పుతడు, మాపటికి మంచాల పడ్డోళ్ళను చూసొస్తడు. ఎండకాలం ఫాదర్ బంగళాల వంటామె ఊరికి పోతది గనుక, ఫాదర్‌కు, బ్రదర్‌కు రెండు పూటల బువ్వ సంఘం ఇండ్లల్ల వంతులేసుకొని పెడ్తం. ఆ వంతుల కాడ పెద్ద లొల్లి. ఆదివారం వంతు నాకంటే నాకని.

మొన్న ఎండకాలం వచ్చినప్పుడు మొట్టమొదటి వంతు గుంటూరామెది. ఆమె పెనిమిటి ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైండు, అశోక్‌నగర్‌ల సొంతిల్లు. మంచి మనిషే గాని పెత్తనం ఎక్వ. పప్పు, పులుసు, చేప ఇగురు చేసి పెట్టిందట. బ్రదర్ పోయి కూసున్నడు, జపం చెప్పిండు, మంచినీళ్ళు తాగి లేచిండు. "ఉపవాసం ఆంటీ" అన్నడట.

తెల్లారి ఇంకో ఇంట్ల కూడ గట్లనే. ఆ తెల్లారి గట్లనే. ఫాదర్ ఒక్కడే తిని పోతున్నడు.

అది ఉపాసాలుండే తపస్కాలం కాదు. ఈస్టరు పండుగ ఎప్పుడో అయిపోయింది. ఉపవాసం ఏందని ఎవరన్న అడగాల్నా? ఎవ్వరడగలే. జపమాల కాడ కూసొని ఆడోళ్ళు ఒకటే మురుసుడు.

"చూశారా పెద్దమ్మగారూ, ఫాదరయ్యే పట్టం దగ్గరపడేకొద్దీ మనిషి ఎలా మారిపోతున్నాడో!" అన్నది గుంటూరామె. "నా చేప ఇగురు వైపు కన్నెత్తి కూడా చూడలేదండీ."

"నీ ఇగురుల ఉప్పెక్కువైందేమో" అన్నది ఇంకొకామె.

"నవ్వకండి. నేను రాసిస్తాను, ఇతను పునీతుడవుతాడు. రేపు మనం ఇతని పటం పెట్టుకుని కొవ్వొత్తులు వెలిగిస్తాం."

అందరు ఔనౌనన్నరు. ఇండ్లల్ల మొగోళ్ళను కూడ సతాయించుడు మొదలుపెట్టిన్రు, "ఆ పిల్లగాన్ని చూసి నేర్చుకో" అని. నాకు మాత్రం ఏదో గిలి. తిండి కాడ నన్ను మోసం చేసుడు కష్టం. ఉపాసమున్నోని మొఖం నాకు తెలుసు, నేను కావాల్నని ఉన్న, లేక కూడ ఉన్న. ఉపాసమున్నోడు మాపటికి నెమ్మదైతడు. ఈ పిల్లగాడు మాపటికి ఇంకింత ఉరుకులాడుతున్నడు. గుడి మెట్లు ఎక్కుతడు, దిగుతడు. మాట్లాడుతుంటే కండ్లు కలుపడు.

ఒకనాడు పొద్దుమూకినంక నారాయణగూడ మార్కెటుకు పోయిన. దుకాణం కట్టేసే యాళ్ళకు పోతే కూరగాయలు అగ్గువ. సంచి పట్కొని చిక్కడపల్లి దిక్కు నడుచుకుంట వస్తుంటే, సందు మొగన మిర్చి బండి కాడ మా బ్రదర్ కనబడ్డడు. బన్నుల మిర్చి పెట్టుకొని, చెమటలు కారుకుంట, ఆకలిగొన్న మనిషి తిన్నట్టు తింటున్నడు. చిన్న పర్సుల నుంచి పైసలు తీసి బండాయనకు ఇచ్చి, ఇంకో మిర్చి ఎయ్యమన్నడు.

నేను పిలువలే. అటుకెళ్ళి తిరిగి, చుట్టు తిరిగి ఇంటికొచ్చిన. వచ్చినంక కూసోబుద్ధి కాలే. కూరగాయలు కడిగిన, మల్ల కడిగిన. మూల కాడ ఊడ్సిన.

"ఏమైందత్తమ్మా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నది కోడలు.

"ఏం లేదు. నీ పని నువ్వు చూస్కో."

అబద్ధమాడుతుండా? కడుపుల ఒకటి, బైట ఒకటి పెట్టుకున్నోడు రేపు పీఠం కాడ ఎట్ల నిలవడ్తడు? ఒకపారి గట్లనిపించేది. మల్ల ఇంకోపారి, మా చేతి వంటనే ఎందుకు ముడుతలేడు అనిపించేది. మా ఇండ్లల్ల అతనికి మంచినీళ్ళు పనికొస్తున్నయి. బండి మీద మిర్చి పనికొస్తున్నది. మధ్యల మా బువ్వకు ఏమైంది?

తెల్లారి పూజ కాంగనే పట్టుకున్న. "బ్రదర్, జర నా సంచి ఇంటి దాంక తెచ్చియ్యి, చెయ్యి గుంజుతున్నది" అన్న. వచ్చిండు. కూసోమని చాయ పోసిన. తాగిండు. బిస్కట్లు పెట్టిన. తిన్నడు. "ఉపాసం కదా బిడ్డా?" అని నేను అనలే. లోపటికి పోయి సకినాల డబ్బ తెచ్చి ముంగట పెట్టిన. బియ్యప్పిండియి, ఇంట్ల చేసినయి. చెయ్యి దాంక వచ్చి ఎనక్కి పోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. కోడల్ని పక్కింటికి పొమ్మని తలుపు దగ్గరికేసిన.

"నా ఇంటి బియ్యం నీకేం చేసింది బిడ్డా?"

తల కిందికేసిండు. "ఏం లేదు అమ్మమ్మా. ఉపవాసం..."

"బండి మీద మిర్చిలకు ఉపాసం అడ్డం రాదా? నేను చూసిన. చెప్పు."

చాయ గిలాస అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. ఫ్యాను కిర్రుకిర్రుమంటున్నది. ఆఖరికి చెప్పిండు. సెలవులైపోయి సెమినరీకి పోంగనే డీకన్ పట్టం కోసం కాయితం రాసియ్యాలెనట. ఫాదర్ కాకముందు ఉండే మెట్టు అది. అది ఎక్కితే ఇంక పెండ్లి లేదు, ఎనక్కి వచ్చుడు లేదు. ఆ కాయితం సొంత చేత్తోని రాయాలె. నన్నెవరు బలవంతపెడ్తలేరు, నా ఇష్టంతోనే వస్తున్న అని రాయాలె.

"రాయి మరి. ఎవరు బలవంతపెడ్తున్నరు నిన్ను?"

"ఎవ్వరు పెడ్తలేరు అమ్మమ్మా. గదే కదా. పెన్ను పట్కొని కూసుంటే నా ఇష్టమేందో కనబడుతలేదు. మీ డబ్బలు కనబడుతున్నయి. ఇంటింటికి మీరు తిరిగేది కనబడుతది. ఇంతమంది కడుపు తగ్గించుకొని నన్ను మేపిన్రు, ఇప్పుడు కాదంటె ఎట్ల అని చెయ్యి దానంతటదే అవును అని రాయబోతది."

"అయితే కాదంటున్నవా?"

"కాదనాల్ననిపిస్తే ఎప్పుడో చెప్పేటోణ్ణి. తెలుస్తలేదు. అందుకే ఈ సెలవులల్ల మీ బువ్వ తినొద్దనుకున్న. మా నాయిన ఇచ్చిన పైసలతోని తింటున్న. మీ బువ్వ కడుపుల లేకుంటె అప్పుడన్న నా మనసు నాకు కనబడ్తదేమోనని."

"కనబడ్డదా?"

"ఆకలే కనబడుతున్నది" అని నవ్విండు. కండ్లల్ల నీళ్ళున్నయి.

నాకు నవ్వు రాలే. కోపమొచ్చింది. ఎంత కోపమంటే, లేచి సకినాల డబ్బ మూత గట్టిగ కొట్టిన. నా గుడికెళ్ళి ఒక్క ఫాదర్ కాలే ఇప్పటిదాంక. ఈ పిల్లగాడు పట్టమై, నా నోట్ల ఆఖరి సత్ప్రసాదం పెట్టి, నా మీద మన్నేసి పోతడని నేను లోపల లోపల ఎన్నటినుంచో అనుకుంటున్న. మా ఆయన సచ్చిపోయిన ఏడు కూడ నేను డబ్బల పిడికెడు ఆపలే. అది ఇప్పుడు పోయి మిర్చి బండి కాడ నిలబడ్డదా!

"ఇంటికి పో. ఎవ్వరికి చెప్పకు" అన్న.

"మీరు కూడ చెప్పొద్దు అమ్మమ్మా."

"నా నోటి సంగతి నాకు తెలుసు. పో."

ఆ వారమంత నా కాలు ఒక్క దిక్కు నిలువలే. పనుండి కొంత, లేక కొంత తిరిగిన. నారాయణగూడ చౌరస్తా కాడ మెట్రో స్తంభాల నీడల నిలబడి వచ్చేటి పోయేటి బండ్లు చూసిన. లైబ్రరీ కాడ చెట్ల కింద పోరగాండ్లు పెద్ద పెద్ద పుస్తకాలు ముంగటేసుకొని కూసున్నరు. ఎవని ముఖం చూసినా మా బ్రదర్ ముఖమే కనబడ్తున్నది. ఒకపారి ఫాదర్‌కు చెప్దామని బంగళా దాంక పోయి గేటు పట్కొని మల్ల వచ్చిన. మాటిస్తిని గదా. జపమాల పట్టుకుంటె పూస కదులుతది, మనసు కదలదు. దేవుణ్ణి కూడ అడిగిన, వీన్ని గుంజుకొస్తవా లేదా అని.

ఇంతల గుంటూరామె ఫోను మీద ఫోను. "పెద్దమ్మగారూ, సుల్తాన్ బజార్ వెళ్ళాం, పూజ వస్త్రానికి తెల్ల పట్టు చూశాం. బంగారు అంచు, ఎంత బావుందో! మీరు సరేనంటే కొనేస్తాం. ఆదివారం టైలర్‌ని గుడికే పిలుస్తున్నాను."

"ఇంక డీకనే కాలే, ఫాదర్ బట్టలెందుకిప్పుడు?" అన్న.

"పట్టు ధర పెరిగిపోతుందండీ. పొదుపు మీరే కదా మాకు నేర్పింది!"

ఏం చెప్తం? "జర ఆగు చెల్లె" అన్న. ఆమె ఆగే మనిషా?

ఆదివారం పూజ కాంగనే అందరం గుడి ఎనక హాలుల జమైనం. టైలర్ వచ్చిండు, మెడల టేపు ఏసుకొని. బట్ట కూడ కొననే కొన్నరు, బల్ల మీద పరిచిన్రు. ఆడోళ్ళు ఒక్కొక్కరు ముట్టి చూస్తున్నరు. బ్రదర్‌ని పిలిచి నడిమిట్ల నిలబెట్టిన్రు.

"చేతులు చాపండి బ్రదర్ గారూ" అన్నది గుంటూరామె. "మరీ బక్కచిక్కిపోయారు, కొంచెం వదులుగా కుట్టించాలి. పట్టం అయ్యాక మా చేతి వంట తిని లావవుతారు."

అందరు నవ్విన్రు. అతను చేతులు చాపిండు. టైలర్ భుజం మీద టేపు పెట్టిండు. నేను అతని మొఖం చూసిన. ఎటు చూడాల్నో తెల్వక గోడ దిక్కు చూస్తున్నడు. చాపిన చేతులు చాపినట్టే ఉన్నయి. ఆ మనిషి ఇప్పుడు ఆ టేపుకు కాదనలేకపోతే, రేపు కాయితానికి కూడ కాదనలేడు. బతికినంత కాలం మా కోసం అవునంటనే ఉంటడు.

"టేపు తియ్యి" అన్న.

టైలర్ ఆగిండు. గుంటూరామె నా దిక్కు చూసింది. "ఏమైంది పెద్దమ్మగారూ?"

"ఆయన ఇంక కాయితం రాయలే. రాస్తడో, రాయడో ఆయన ఇష్టం. రాసినంక కుట్టుకుందాం. బట్ట మడత పెట్టు."

"రాయకపోవడమేంటండీ?"

"రాయకపోవచ్చు. గందుకే కదా రాయమంటరు."

ఒక్కపారే లొల్లి. ఒకామె "అయ్యో ఏసయ్యా" అన్నది. ఇంకొకామె "మరి ఉపాసాలు?" అన్నది. గుంటూరామె మొఖం ఎర్రగైంది. బ్రదర్ దిక్కు చూడకుండ నాతోని అన్నది, "ఇన్నేళ్ళు తిన్నారు కదండీ! మనం పిల్లల నోటి దగ్గర నుంచి తీసి పెట్టాం!"

అది నా మాటనే. వారమంత నా లోపల తిరిగిన మాటనే, ఆమె నోట్ల నుంచి వచ్చింది. విననీకి ఎంత గలీజుగ ఉన్నదో అప్పుడు తెలిసింది.

"తిన్నడు" అన్న. "మనం సెమినరీకి పెట్టినం, అక్కడ ఉన్నడు గనుక తిన్నడు. తిన్నందుకు పట్టం కట్టుకోవాల్నంటే మనం పెట్టింది కానుక కాదు, కిరాయి. నేను కిరాయికి ఎవర్నీ పీఠం మీద నిలవెట్ట."

అన్నగాని, నాకే మింగుడు పడలే. కుర్చీ గుంజుకొని కూసున్న.

ఫాదర్ ఎప్పుడొచ్చిండో తలుపు కాడ నిలబడి ఉన్నడు. మామూలుగ మాట తక్వ మనిషి. "అమ్మా," అన్నడు గుంటూరామెతోని, "నాతోని సెమినరీల చేరినోళ్ళల్ల సగం మంది మధ్యలనే వెళ్ళిపోయిన్రు. ఒకడు టీచరు, ఒకడు బస్సు కండక్టరు. మేమందరం ఒకే గిన్నెల బువ్వ తిన్నం. వాళ్ళు పోకపోయుంటే, నేను నా ఇష్టంతోనే ఉన్ననో లేదో నాకు తెల్వకపోతుండె." తర్వాత బ్రదర్ దిక్కు తిరిగి, "నాకెందుకు చెప్పలేదురా?" అన్నడు. ఫాదర్ అతని భుజం పట్కొని బంగళాలకు తీస్కపోయిండు. టైలర్ మాత్రం టేపు చుట్టుకుంట, "నా కూలి అమ్మా?" అన్నడు. ఎవరు పిలిస్తే ఆమెనే ఇయ్యాలని చెప్పిన.

సెలవులైనంక బ్రదర్ సెమినరీకి పోయిండు. కొన్నాళ్ళకు ఫాదర్ చెప్పిండు. కాయితం రాయలేదట. ఒక ఏడాది బైట ఉండి ఆలోచించుకుంట అని అడిగిండట, ఒప్పుకున్నరట. అశోక్‌నగర్‌ల హాస్టల్‌ల ఒక మంచం కిరాయికి తీసుకొని, గ్రూపు పరీక్షలకు చదువుకునే పోరగాండ్లతోని ఉంటున్నడట. పొద్దుగాల ఒక బడిల పాఠాలు చెప్తడట.

సంఘంల కొందరు డబ్బలు మానేసిన్రు. మానేసినోళ్ళ ఇండ్లకు కూడ నేను పోయిన, తలుపు కొట్టిన. "వచ్చే బ్రదర్ అన్న ఉంటడా పెద్దమ్మా?" అని అడిగిన్రు. తెల్వదని చెప్పిన. తెల్వకుండ ఎట్ల పెడ్తమని ఒకామె తలుపేసింది. గుంటూరామె మానలే, గాని సంచిల పోసేటప్పుడు నన్ను చూసి అంటది: "ఈసారి ఎవరికండీ ఇవి, కలెక్టర్ గారికా?" ఆ పట్టుబట్ట ఆమె బీరువలనే ఉంది. అమ్మమంటే అమ్మది, ఇయ్యమంటే ఇయ్యది. నాకు మాత్రం నెమ్మది లేదు. చేసింది సరేనని పొద్దుగాల అనిపిస్తది. మాపటికి, నా చేత్తోనే ఒక ఫాదర్‌ను పోగొట్టిననా అనిపిస్తది. లేచి తిరుగుత.

వానకాలం నడిమిట్ల ఒకనాడు పగటీలి తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే అతను. నెత్తి మీద ప్లాస్టిక్ కవరు, కాళ్ళ దాంక బురద. తెల్ల అంగీ లేకుంట, గీతల చొక్కా మీద చూస్తే ఎవరో అనుకున్న.

"అమ్మమ్మా, బువ్వ ఉందా?"

కాళ్ళు కడుక్కోమని నీళ్ళ చెంబు చూపిచ్చిన. పళ్ళెం పెట్టిన. బువ్వ, పప్పు, ఇంత గోంగూర. కండ్లు మూసుకొని జపం చెప్పి మొదలుపెట్టిండు. పళ్ళెం మీదికి ఒంగి, వేళ్ళ సందుల మెతుకు పోకుండ, గబగబ తిన్నడు. మల్ల పెట్టమన్నడు. పెట్టిన. నా వంతు బువ్వ కూడ అందులకే పోయింది.

అడగాల్నని నాలిక గుంజుతున్నది. మల్ల పోతవా? పోవా? పూజకు వస్తున్నవా? వస్తుండని నాకు తెలుసు, ఎనక బెంచీల కూసొని ఆఖరి పాటకు ముందే లేచిపోతడు.

"అడుగవేంది అమ్మమ్మా?" అన్నడు అతనే.

"తిను ముందు."

"ఇంక తెలుస్తలేదు. పొద్దుగాల ఒక తీరుగ, మాపటికి ఒక తీరుగ ఉంటది."

"నాకు కూడ గట్లనే ఉంటది" అన్న.

నవ్విండు. ఎండకాలం కంటే మెడ ఇంకింత బక్కగైంది, గాని కండ్లు కలిపి మాట్లాడుతున్నడు. బైట వాన కొడుతనే ఉంది. పళ్ళెంల మజ్జిగ పోసిన. నన్నడగకుండనే చెయ్యి చాపి, అలమారల ఉన్న మామిడి తొక్కు సీసా అందుకొని చెంచాతోని తీసిండు, ఒకటి, మల్ల ఇంకోటి.

"జర చూసి ఏస్కో" అన్న. "వచ్చే ఎండకాలం దాంక రావాలె అది."